కదిపే ముందు అడుగు

మున్సిపల్ ఆఫీసులో అనుమతుల కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నా చేతికే ఇచ్చేసింది.

"దీనికి మమ్మల్ని అడగక్కర్లేదండీ," అంది.

రెండు రోజులు పెరడంతా కొలిచి, స్కేలు పెట్టి బొమ్మ గీసి, రెండు బస్సులు మారి వెళ్ళి గంటన్నర వరసలో నిలబడ్డాను. అడగక్కర్లేదంటే సంతోషించాలి. కానీ ఎందుకో మనసు చివుక్కుమంది.

"అంటే ఎలా కట్టుకున్నా ఫరవాలేదా?" అన్నాను.

"అలా అని కాదు. పెరట్లో సామాను పెట్టుకునే షెడ్డే కదా. ఎనభై చదరపు అడుగుల లోపు ఉండాలి. ఎత్తు ఎనిమిది అడుగుల లోపు. ప్రహరీ గోడకి మూడు అడుగులు ఎడం. పునాది తవ్వకూడదు. లోపల మనుషులు పడుకోకూడదు. ఈ అయిదూ పాటిస్తే ఇక మీ ఇష్టం."

"అయితే అడగక్కర్లేదని ఒక ముక్క రాసిస్తారా?"

నా నెరిసిన తల చూసి కాబోలు, ఆ అమ్మాయి విసుక్కోలేదు. "అడగక్కర్లేదని రాసివ్వాలంటే దానికి దరఖాస్తు పెట్టుకోవాలండీ. ముప్పై రోజులు పడుతుంది," అని నవ్వి, "ఎండన పడి వచ్చినట్టున్నారు. మంచినీళ్ళు ఆ మూలన ఉన్నాయి," అంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వచ్చిన పని కాకపోయినా వచ్చినందుకు ఏదో దక్కినట్టే అనిపించింది.

సాయంత్రం మా బావమరిదికి ఈ సంగతి చెప్పాను. బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. వడ్రంగి. ఊరి చివర అతనికి కుర్చీలూ బల్లలూ చేసే దుకాణం ఉంది. షెడ్డు కట్టిపెడతానని మాటిచ్చాడు.

"అక్కయ్యని అడక్కుండా చెప్పుల జత కూడా కొనుక్కోని మనిషివి," అన్నాడు. "ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదంటే బెంగగానే ఉంటుందిలే బావా."

వేళాకోళానికే అన్నాడు గానీ అది నిజం. ముప్పై ఒక్క ఏళ్ళ సంసారంలో ఆవిడను అడక్కుండా నేను చేసిన పని ఒక్కటీ గుర్తులేదు. ఆవిడ పోయి పదహారు నెలలైంది. ఇప్పటికీ దుకాణంలో సబ్బు చేతిలోకి తీసుకుని పక్కకు తిరుగుతాను.

షెడ్డు అవసరమైంది ప్రెస్సు కోసం. మా ఆవిడ పుస్తకాలకు అట్టలు కట్టేది. బడి పిల్లల నోటు పుస్తకాల దగ్గర్నుంచి ఆఫీసుల దస్తరాల దాకా, విప్పిపోయినవన్నీ మా ముందుగదికి వచ్చేవి. కుట్టి, జిగురు రాసి, బట్ట అంటించాక వాటిని ఒక రాత్రంతా ప్రెస్సులో బిగించి ఉంచాలి. ప్రెస్సంటే రెండు మందపాటి ఇనపపలకలు, వాటిని కలుపుతూ రెండు స్తంభాలు, పైన బండి చక్రమంత చక్రం. చక్రం తిప్పితే పై పలక దిగి పుస్తకాలను అదుముతుంది. అది ఒక కొయ్య స్టాండు మీద ఉండేది. నాలుగు కాళ్ళు, నాలుగు పట్టీలు తప్ప ఆ స్టాండు నడుమ అంతా ఖాళీ. మా అమ్మాయి చిన్నప్పుడు దాని కింద దూరి బొమ్మలకు బడి పెట్టేది.

ప్రెస్సు అడుగుపలక అంచున మా ఆవిడ ఒక చీటీ అంటించింది. ఎర్రసిరా, గుండ్రటి అక్షరాలు. "కదిపే ముందు అడుగు" అని.

నాతో ఎప్పుడూ మీరు అని తప్ప మాట్లాడని మనిషి, చీటీలో మాత్రం 'అడుగు' అని ఏకవచనంలో హుకుం జారీ చేసిందని మొదట్లో రెండు రోజులు అలిగాను కూడా. తర్వాత అలవాటైపోయింది. రోజూ పొద్దున్న ముందుగది ఊడ్చే పని నాది. ఊడవాలంటే స్టాండును ఒక జానెడు పక్కకు జరపాలి. ఆవిడ వంటింట్లో ఉన్నా, పెరట్లో బట్టలు ఆరేస్తున్నా వెళ్ళి, "జరపనా?" అని అడిగేవాణ్ణి. "అడిగారుగా, జరపండి," అనేది పెదవి చివర చిన్న నవ్వు పెట్టుకుని. చెప్పిన మాట వినే మొగుడు దొరికాడని సంబరం కాబోలు అనుకునేవాణ్ణి.

ఈమధ్య మా అమ్మాయికి ఈ ఊరికి బదిలీ అయింది. నా దగ్గరే ఉంటానంది. ఆ మాట విన్న రోజు రెండుసార్లు కాఫీ పెట్టుకున్నాను. మర్నాడు మళ్ళీ ఫోను చేసింది.

"నాన్నా, ముందుగదిలో నా మంచం, బీరువా పట్టాలంటే ఆ ప్రెస్సు తీసేయాలి. ఊరికే తుప్పు పట్టిపోతోంది కూడానూ. ఎవరికైనా ఇచ్చేయకూడదూ?"

"అలాగేనమ్మా," అన్నాను. నోరు అలా అనేసింది. అంతకన్నా దానికి వేరే మాట రాలేదు.

పాత ఇనుము కొనేవాడు వచ్చి చూశాడు. ప్రెస్సును వేలి కణుపులతో టకటకా కొట్టి, "గట్టి సరుకు. ఎప్పుడు చెబితే అప్పుడు వచ్చి పట్టుకుపోతా," అన్నాడు. సరుకు అన్నమాట. అతను అటు వెళ్ళగానే నేను కాగితం, స్కేలు వెతుక్కున్నాను. మా ఇల్లు రెండు గదులూ వంటిల్లూ. రెండో గది నాది, అందులో ఇప్పటికే ఆవిడ అట్టలూ బట్టల చుట్టలూ నా మంచం కిందా మీదా ఉన్నాయి. పెరట్లో తడవకుండా ప్రెస్సు నిలబడే చోటు చేసుకోవాలి, లేదా దాన్ని ఇనుముకు వేయాలి. మూడో దారి లేదు. అమ్మాయి వచ్చేది ఆదివారం. పాత ఇనుమతనికి ఫోను చేసి, "శనివారం సాయంత్రం ఏ సంగతీ చెబుతాను," అన్నాను.

ఆ వారమంతా మా బావమరిది పెరట్లోనే ఉన్నాడు. పునాది తవ్వకూడదు కనక గులకరాళ్ళు పరిచి, వాటి మీద సిమెంటు దిమ్మలు పెట్టి, రసమట్టం చూసుకుంటూ చట్రం వేశాడు. పది అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. గుణించుకుంటే డెబ్బై అయిదు. నేను మూడుసార్లు గుణించాను.

"నువ్వు గుణించావని అది పెరగదు, నేను కట్టానని తగ్గదు," అన్నాడతను. "ఆ పలక ఇటు అందించు."

మధ్యాహ్నం అన్నం తిన్నాక కొత్తగా వేసిన చెక్కల నేల మీద కాళ్ళు బారజాపి కునుకు తీసేవాడు. అప్పుడే గోడ మీద నుంచి ఒక తలకాయ లేచేది.

"లోపల మనుషులు పడుకోకూడదు!"

అది మా పక్కింటాయన. భూములు కొలిచే శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. వీధి మొత్తం కొలతల మాస్టారు అంటారు. ఉద్యోగం పోయినా టేపు జేబులోంచి పోలేదు. నేను అనుమతుల కిటికీ దగ్గర విన్న అయిదు నిబంధనలూ ఆయనకు అంతకుముందే కంఠతా వచ్చు.

"పడుకోలేదు మాస్టారూ, వాలాను," అన్నాడు మా బావమరిది కళ్ళు తెరవకుండానే.

"కళ్ళు మూసుకుంటే పడుకున్నట్టే లెక్క."

"కళ్ళు మూసుకుంటే లెక్క మీకెలా తెలుస్తుంది? మీరు టేపు పెట్టి చూశారా?"

మాస్టారు రోజుకు రెండు పూటలా గోడ దిగి వచ్చేవాడు. గోడ నుంచి ఎడం మూడు అడుగులూ కొలిచేవాడు. నిన్న కొలిచినదే ఇవాళ మళ్ళీ. గోడ రాత్రికి రాత్రి జరిగి దగ్గరికి వస్తుందేమోనని ఆయన భయం. "ఒక్క అంగుళం దాటినా నేను చూస్తూ ఊరుకోను. నా సర్వీసులో ఊరుకోలేదు, ఇప్పుడూ ఊరుకోను," అనేవాడు. వెళ్ళేటప్పుడు మాత్రం మా బావమరిది కింద పడేసిన మేకులన్నీ ఏరి డబ్బాలో వేసి వెళ్ళేవాడు.

శనివారం మధ్యాహ్నానికి పైరేకులు బిగించడం అయిపోయింది. తలుపు కూడా పెట్టేశాం. ఆకాశంలో మబ్బులు దట్టంగా పడుతున్నాయి. మాస్టారు వచ్చి ముందు వైపు టేపు పట్టాడు. ఏడు అడుగుల పదకొండు అంగుళాలు. తల ఊపాడు. వెనక్కి వెళ్ళి పట్టాడు. ఈసారి తల ఊపలేదు. మళ్ళీ పట్టాడు.

"ఎనిమిది అడుగుల రెండు అంగుళాలు," అన్నాడు.

మా పెరడు వెనక్కి వాలి ఉంటుంది. వాన నీళ్ళు అటే పోతాయి. ఇల్లు కట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన సంగతే. షెడ్డు నేల రసమట్టం పెట్టి సమంగా వేశాం కనక పైకప్పు సమంగానే ఉంది, కింద మట్టే దిగిపోయింది.

"ఇప్పుడు రేకులు విప్పి, స్తంభాలు కోసి, మళ్ళీ బిగించాలంటే రెండు రోజులు," అన్నాడు మా బావమరిది. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు.

"రేపే అమ్మాయి వస్తోంది," అన్నాను.

 మాస్టారు టేపు చుట్టుకుని గోడ దాటి వెళ్ళిపోయాడు. నిబంధన నిబంధనే. ఆయన ఫిర్యాదు చేస్తే తప్పు ఆయనది కాదు. నేను ఇంట్లోకి వెళ్ళి పాత ఇనుమతని ఫోను నంబరు రాసుకున్న కాగితం తీశాను. ఫోను చేతిలో పట్టుకుని ముందుగదిలో నిలబడ్డాను. చక్రం మీద దుమ్ము కనిపిస్తే చొక్కా అంచుతో తుడిచాను. ఇచ్చేసే వస్తువును తుడవడం ఎందుకో నాకే తెలియలేదు.

అప్పుడే పెరట్లో ఏదో బోర్లించిన చప్పుడు.

వెళ్ళి చూస్తే మాస్టారు లుంగీ పైకి మడిచి, షెడ్డు వెనక మట్టి తట్ట కుమ్మరిస్తున్నాడు. గోడ మీద ఇంకో రెండు తట్టలు సిద్ధంగా ఉన్నాయి.

"ఏమిటిది మాస్టారూ?"

"ఎత్తు ఎక్కణ్ణుంచి కొలవాలి?"

"నేల నుంచి."

"నేల ఎక్కడుండాలో నిబంధనలో రాసి ఉందా?"

"లేదు."

"నా సర్వీసులో కప్పులు దింపినవాళ్ళను చూశాను గానీ నేల లేపొచ్చని ఎప్పుడూ తట్టలేదు. ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాక తట్టింది," అన్నాడు. "నిలబడి చూస్తారేం? నా పెరట్లో కుప్ప ఉంది, అందుకోండి."

ముగ్గురం గంటసేపు మట్టి మోశాం. మా బావమరిది దిమ్మెసతో కొట్టి చదును చేశాడు. మాస్టారు టేపు పట్టి చూశాడు. సరిగ్గా ఎనిమిది అడుగులు.

"అమ్మయ్య," అన్నాన్నేను.

"అమ్మయ్య ఏమిటి? ఎనిమిది లోపు అన్నారు, ఎనిమిది అనలేదు," అని ఇంకో రెండు తట్టలు పోయించాడు. అప్పుడు గానీ తల ఊపలేదు. చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు: "నా కొలతల పుస్తకానికి మీ ఆవిడ అట్ట కట్టింది. ఇరవై రెండేళ్ళయింది. వానలో తడిసింది, పొలాల్లో పడింది, ఒక్క కాగితం ఊడలేదు. ఆ ప్రెస్సు ఇనుములోకి పోతుంటే నేను చూస్తూ ఊరుకోను."

ఆయన ఊరుకోనన్న మాట నాకు తియ్యగా వినిపించింది అదే మొదటిసారి.

వాన పడేలోపే ప్రెస్సును చేర్చాలని తొందరపడ్డాం. స్టాండు మీంచి దాన్ని ఎత్తి ఒక పలక మీద పెట్టి, పలక కింద గొట్టాలు వేసి దొర్లించుకుంటూ పెరట్లోకి తీసుకువెళ్ళాలని మా బావమరిది పథకం. అతను ఒక స్తంభం పట్టుకున్నాడు, నేను రెండోది. మాస్టారు గొట్టాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగాగు," అన్నాడు మా బావమరిది. "చీటీ చూడలేదా బావా? కదిపే ముందు అడుగు."

"ఎవర్ని అడగను?"

 అతను ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నాడు.

"నన్నడుగు. తమ్ముణ్ణి కదా, అక్కయ్య తరఫున నేనే."

"జరపనా?"

"వద్దు. నాకు నడుం నొప్పి."

మాస్టారు నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం మా ఇద్దరికీ కొత్త. ఆ నవ్వులోనే ఒకటి, రెండు, మూడు అని ఎత్తాం.

అనుకున్నంత బరువు లేదు. అంత ఇనపయంత్రం ఇంత తేలిగ్గా లేచిందేమా అని నేను ఆశ్చర్యపోయే లోపలే, మా చేతుల్లోంచి కాదు, ప్రెస్సులోంచే ఏదో విడిపోయింది. చక్రం, స్తంభాలు, పై పలక మా చేతుల్లో ఉన్నాయి. అడుగుపలక మాత్రం జారి, స్టాండుకు తగిలి, పల్టీ కొట్టి నేల మీద వెల్లకిలా పడింది. ఒక గచ్చుపలక నిలువునా పగిలింది. మాస్టారు కాలు వెనక్కి తీసుకోబట్టి సరిపోయింది. వేలెడు దూరం. ఆయనే తర్వాత కొలిచి చెప్పాడు.

చేతుల్లో ఉన్నది మెల్లిగా పలక మీద దించి, ముగ్గురం వంగి చూశాం. మా ఆవిడ చీటీ అంచు దగ్గర ఆగిపోలేదు. పొడవాటి చీటీ అది. అంచు చుట్టూ మడిచి పలక అడుగుభాగానికి కూడా అంటించింది. అదే ఎర్రసిరా, అవే గుండ్రటి అక్షరాలు. మా బావమరిది వేలు పెట్టి, బడిపిల్లాడిలా కూడబలుక్కుని చదివాడు.

"కదిపే ముందు అడుగు... మరలు నాలుగూ బిగించాలి."

నేను ఇంకాస్త కిందికి వంగి మళ్ళీ చదువుకున్నాను.

"బావా," అన్నాడు మా బావమరిది చాలా వినయంగా, "నువ్వు ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యావు?"

నేను ముప్పై ఏళ్ళు ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దాను. ఒక్క కామా జారిపోయినా పట్టుకునేవాణ్ణని పేరు.

"వాక్యం చివర చుక్క లేదు కదా, అప్పుడైనా అనుమానం రావద్దూ?" అన్నాడు మాస్టారు. "ఎన్నేళ్ళు అడిగారు?"

"ఇరవై ఎనిమిది."

"రోజుకోసారా?"

"రోజుకోసారి."

ఆయన లోపల ఏదో గుణించుకుంటున్నట్టు పెదాలు కదిపి, దయతలచి పైకి చెప్పకుండా ఊరుకున్నాడు.

నాలుగు మరలూ వెతికి, అడుగుపలక బిగించాం. గట్టిగా బిగించాం. ప్రెస్సు గొట్టాల మీద దొర్లుకుంటూ పెరట్లోకి వెళ్ళి, గడప దాటి, షెడ్డులో తన స్టాండు ఎక్కేసరికి రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. లోపల ఒక్క చుక్క రాలేదు. పాత ఇనుమతనికి ఫోను చేసి అక్కర్లేదని చెప్పాను. అంతా బాగానే జరిగింది. కానీ ఒక్క ముల్లు మాత్రం నా లోపల గుచ్చుకుంటూనే ఉంది. నేను తప్పుగా చదివానని ఆవిడకు తెలుసా? తెలియకపోతే, రోజూ వచ్చి జరపనా అని అడిగే ఈ మనిషిని ఏమనుకుని ఉంటుంది?

ఆదివారం పొద్దున్న వాన వెలిసింది. అమ్మాయి మంచం, బీరువా, ఏడు పెట్టెలతో దిగింది. ముందుగదిలోకి వచ్చి ఖాళీని చూసి, "నిజంగానే ఇచ్చేశావా నాన్నా?" అంది. ఆ అనడంలో సంతోషం నాకు వినపడలేదు. అంతలోనే పగిలిన గచ్చుపలక కంటపడింది. "ఇదేమైంది?"

చెప్పాను. ఇనుమతని దగ్గర మొదలుపెట్టి మట్టి తట్టల దాకా, చీటీ దాకా చెప్పాను. చీటీ దగ్గరికి వచ్చేసరికి అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పెట్టె మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

"నీకు ఇప్పుడా తెలిసింది? నాకు రెండో తరగతిలోనే తెలుసు నాన్నా."

"నీకెలా తెలుసు?"

"నా బడి ఎక్కడ? ఆ స్టాండు కిందే కదా. తలెత్తితే ఆ చీటీయే. కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదే దాని మీద. మరలు బిగించాలని ఉంది, నాన్న ఎందుకు వచ్చి అడుగుతున్నాడని అమ్మనడిగాను."

"ఏమంది?"

"'ష్, చెప్పకు. రోజూ పనికట్టుకుని వెతుక్కుంటూ వచ్చి అడుగుతున్నారు. చెబితే మానేస్తారు' అంది. మరలు తనే నెలకోసారి బిగించుకునేది, నువ్వు ఆఫీసుకు వెళ్ళాక."

నేను కిటికీ వైపు తిరిగి, తడిసిన గోడను కాస్త ఎక్కువసేపు చూశాను. గోడ చాలా శుభ్రంగా ఉంది. పదహారు నెలలుగా ఎవరూ బిగించకే ఆ మరలు వదులయ్యాయన్నమాట.

"ఉంచుకుంటానని ఒక్క మాట అనొచ్చు కదా నాన్నా," అంది అమ్మాయి వెనక నుంచి, నెమ్మదిగా. "నేనేదో నోటికొచ్చినట్టు ఇచ్చేయమన్నాను. నువ్వు అలాగే అన్నావు. అమ్మని రోజూ అడిగేవాడివి, నన్ను ఒక్కసారి అడగలేకపోయావా?"

"నువ్వు చీటీ అంటించలేదుగా," అన్నాను.

ఇద్దరం పెరట్లోకి వెళ్ళాం. షెడ్డు తలుపు తీస్తే కొత్త చెక్క వాసన, దాని కింద పాత జిగురు వాసన. నేల మీద మా బావమరిది వెల్లకిలా పడి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. మంచం మోయడానికి పొద్దున్నే వచ్చినవాడు, మేం మాటల్లో పడేసరికి ఇక్కడికి చేరాడు. అమ్మాయి అతన్ని దాటుకుంటూ వెళ్ళి చక్రం మీద చెయ్యి వేసింది. వేసి, నా వైపు తిరిగింది.

"తిప్పనా నాన్నా?"

"అడిగావుగా, తిప్పు," అన్నాను.

చక్రం కీచుమంది. మా బావమరిది ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. గోడ మీద తల లేచింది.

"లోపల మనుషులు పడుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి!"

"పడుకోలేదు మాస్టారూ," అన్నాడు మా బావమరిది కళ్ళు నులుముకుంటూ. "అడుగు మరలు చూస్తున్నాను."